ముక్కు లేని వంట

మా పెదనాన్నకి వాసన తెలియదు. ఆ సంగతి ఆరేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు. ఈమధ్య పాలగిన్నె పొయ్యి మీద మరిచిపోయి, వంటింటికి వీపు పెట్టి, కిటికీ దగ్గర పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. పాలు ఇగిరి, గిన్నె మాడి, పొగ మెట్ల మీదికి పాకితే పక్క వాటా టైలరు వచ్చి తలుపు బాదాడు. ఈయన తీరిగ్గా తలుపు తీసి, చందా కోసం వచ్చావా అని అడిగాడట. అలా బయటపడింది.

ఆయన రంగుల మేస్త్రి. ముప్పై ఏళ్లు థిన్నరూ టర్పెంటైనూ పీల్చి పీల్చి ముక్కు చచ్చిపోయింది. ముక్కు పోయినా దాని మీదుండే కోపం మాత్రం పోలేదు. వీధిలో అందరూ సెగ మేస్త్రి అంటారు. పాత తలుపుల మీద పొర మీద పొరగా పేరుకున్న రంగుకి మంటదీపంతో సెగ చూపించి, అది బొబ్బలా లేవగానే బద్దతో గీకి తీసేస్తాడు. కాస్త ఆలస్యమైతే కింది చెక్క నల్లబడుతుంది. ఈయన చేతిలో ఒక్క చెక్కా నల్లబడలేదు. మోకాళ్లు మొరాయించాక నిచ్చెన మానేశాడు గాని తలుపులు మానలేదు. బొబ్బ లేచేదాకా ఓపిక పట్టు, లేచాక తొందరపడు అనేది ఆయన మాట. పెద్దమ్మ పోయాక వంట కూడా ఆ మాట మీదే నేర్చుకున్నాడు.

సంగతి తెలిశాక అందరికంటే ఎక్కువ మండిపడింది మా అమ్మ. పండగకీ పబ్బానికీ పెదనాన్న మా ఇంటికి భోజనానికి వచ్చి, గుమ్మంలోనే ఆగి, వాసనకే సగం కడుపు నిండిపోయిందమ్మా అనేవాడు. "ఆరేళ్లూ ఉత్తినే పొగిడారా బావగారూ?" అని అమ్మ నిలదీసింది. "వాసనే ఉత్తిది. తిన్నది నిజమే కదమ్మా" అన్నాడు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

అక్క అంటే ఆయన ఒక్కగానొక్క కూతురు, ఆసుపత్రిలో నర్సు. ఆవిడ కోపగించుకోలేదు, తీర్పు చెప్పింది. ఆదివారం వచ్చి పొయ్యి, సిలిండరు, గిన్నెలు తీసుకుపోతుంది. రెండు పూటలా తన ఇంటి నుంచి క్యారేజీ పంపుతుంది. లేదంటే ఆయనే వచ్చి తన ఇంట్లో ఉండాలి. పెదనాన్న విని, పొయ్యి తీసేస్తే అది ఇల్లు కాదు, లాడ్జి గది అన్నాడు. లాడ్జిలో ఉండటానికి నేనేం పారిపోయిన పెళ్లికొడుకునా అన్నాడు. అక్క నవ్వలేదు.

నేను కాలేజీ మానేసినప్పుడు మా వాళ్లలో పదకొండు మంది నాకు బుద్ధి చెప్పారు. ఆయన చెప్పలేదు. కాబట్టి ఇది నేను ఇద్దరి పక్షానా నిలబడి రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు.

ఆదివారం పొద్దున అక్క వచ్చేసరికి పెదనాన్న ఒక బేరం పెట్టాడు. ఒక్క వంటకం చేస్తాడు. పొగ వస్తుంది, వాసన వస్తుంది. చూసేవాళ్లు ఒక్క ముక్క మాట్లాడకూడదు. మాడితే పొయ్యి తీసుకుపోవచ్చు. మాడకపోతే ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. అక్క సరేనంది. సాక్షిగా టైలర్ని పిలిచారు. అమ్మ పిలవకుండానే వచ్చింది.

వంటకం మిరపకాయలు. లేతవి, పొట్టివి, పెద్దగా కారం లేనివి. పోయిన ఏడాది ఒక ఇంట్లో తలుపులకి పని చేస్తుంటే ఇల్లుగలావిడ ఇవి చేసి పెట్టిందట. కొన్నాళ్లు స్పెయిన్‌లో ఉండి వచ్చిన మనిషి, అక్కడి పద్ధతి. తొక్క బొబ్బలెక్కేదాకా కాల్చి, పైన కల్లుప్పు చల్లడమే, ఇంకేం లేదు. వాసన పోతే రుచిలో చాలాభాగం దాంతోనే పోతుందని పెదనాన్న ఆ ఆదివారమే మొదటిసారి నాతో అన్నాడు. ఏ కూర తిన్నా అట్టముక్క నమిలినట్టే ఉంటుందట. ఉప్పుకీ కారానికీ మాత్రం ముక్కుతో పని లేదు. అందుకే ఆవిడ పెట్టిన ప్లేటు ఖాళీ చేసి ఇంకో ప్లేటు అడిగాడట సిగ్గు లేకుండా.

కాయలన్నీ కడిగి ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచాడు. తడి ఉంటే నూనె మొహాన ఉమ్ముతుంది. తొడిమలు తియ్యలేదు, పట్టుకుని తినడానికి అవే పిడి. ఇనప పెనం పెద్ద మంట మీద పెట్టి, నీటి చుక్క వేస్తే గెంతేదాకా ఆగాడు. ఒక చెంచా నూనె వేసి, కాయల్ని ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కాసేపటికి ఒకటి టప్ మంది. ఇంకొకటి. పెదనాన్న తల కొంచెం పక్కకి వంచి, పాటలో శ్రుతి చూసేవాడిలా వింటున్నాడు. తొక్క పాలిపోయి, అక్కడక్కడా ఉబ్బి, ఉబ్బిన చోట గోధుమ రంగు చుక్క పడింది. అప్పుడు అట్లకాడతో తిప్పాడు. పొగ లేచింది. టైలరు దగ్గాడు. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

అంతలో కమురు వాసన. మిరపకాయది కాదు, దానికంటే ఘాటుది, గొంతులో గీసుకునేది. అక్క నా వైపు చూసింది. అయిపోయిందని నేనూ అనుకున్నాను. టైలరు తల దించుకున్నాడు. అమ్మ నోరు తెరిచి, బేరం గుర్తొచ్చి మూసుకుంది. నలుగురం మాడిపోతున్నాయనుకుని మిరపకాయల్ని చూస్తూ నిలబడ్డాం. అవి మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

పెదనాన్న పెనం మీంచి చూపు పక్కకి తిప్పి, ఎడం చేత్తో పొయ్యి పక్కనున్న మసిగుడ్డని అంచు పట్టుకుని లేపాడు. ఒక మూల ఎర్రగా రాజుకుంటోంది. దాన్ని సింకులో పడేసి కొళాయి తిప్పాడు. అదే చేత్తో పొయ్యి ఆర్పి, కాయల్ని ప్లేటులోకి దొర్లించి, ఉప్పు చల్లాడు.

"నాలుగు ముక్కులున్నాయి ఈ వంటింట్లో. ఒక్కటైనా గుడ్డని చూసిందా?" అన్నాడు.

 మాట్లాడకూడదన్నది బేరం కాబట్టి అన్నట్టు నిలబడ్డాం. టైలరు మాత్రం ముందు ఒక కాయ తీసుకున్నాడు.

మంచం మీద కూర్చుని తిన్నాం. తొక్క పల్చగా చిట్లి, లోపల మెత్తగా, ఉప్పు పళ్ల కింద కరకరలాడుతూ ఉంది. అన్నీ చప్పటివే అనుకుంటుండగా అక్కకి కారంది తగిలింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పదింట్లో ఒకటి అలా ఉంటుందని, అది ఏదో తొడిమ చూసి చెప్పడం స్పెయిన్ వాళ్లకే చేతకాదని పెదనాన్న సంబరపడ్డాడు.

అక్క మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. మెల్లిగా అంది. "గుడ్డ కనపడింది నాన్నా. గ్యాసు లీకైతే ఏం కనపడుతుంది?"

 పెదనాన్న వేలికంటిన ఉప్పు దులుపుకున్నాడు. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి, సిలిండరు కట్టేసి, రెగ్యులేటరు ఊడదీసి, సిలిండర్ని గుమ్మందాకా జరిపాడు. మంచం కిందనుంచి ఒక అట్టపెట్టె లాగాడు. కరెంటు పొయ్యి. చుట్టలు చుట్టిన తీగ. తగిలిస్తే ఎర్రబడింది.

"ఎర్రగా ఉంటే వేడి. నల్లగా ఉంటే ఆరిపోయినట్టు. నా కళ్లకి అది చాలు."

అక్క ఆ పెట్టె మీది బిల్లు చూసింది. కొని పది రోజులైంది. అంటే గిన్నె మాడిన మర్నాడే. "ముందే తెచ్చి పెట్టుకున్నావ్. మరి ఈ తతంగమంతా ఎందుకు?"

"నువ్వు లాక్కుపోవడం వేరు. నేను ఇవ్వడం వేరు" అన్నాడు పెదనాన్న. "సిలిండరు ఇచ్చాను. పట్టుకెళ్లు. పెనం మీద చెయ్యి వేశావో, నా కూతురివని చూడను."

అక్క పెనం వైపు చూసింది. ప్లేటులో మిగిలిన రెండు కాయలు తీసుకుని, ఒకటి తిని, రెండోది చెప్పులేసుకుంటూ తింది. క్యారేజీ ఊసు ఎత్తలేదు. అమ్మ, బుధవారం భోజనానికి రండి బావగారూ, పొగడక్కర్లేదు అని చెప్పి మెట్లు దిగింది.

సిలిండరు మోసే పని నాది. సగం నిండి ఉంది, వెధవ బరువు. మొదటి మలుపు దగ్గర దించి, ఒక్కో మెట్టూ దొర్లిద్దామని అంచు మీద వంచాను. పైనుంచి రెయిలింగు మీదికి వంగి పెదనాన్న అరిచాడు.

"ఎత్తి పట్టుకోరా. ఆ మెట్లకి రంగేసింది నేను."