బొట్టు పెట్టిన షటిల్

తప్పులు పట్టడం నా వృత్తి. జీతమిచ్చి మరీ పట్టిస్తారు. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌ని తిరగేసి, బోర్లేసి, ఎక్కడ తడితే కూలుతుందో కనిపెట్టి రిపోర్ట్ రాస్తాను. ఆఫీసులో ఈ గుణాన్ని తెగ మెచ్చుకుంటారు. ఇంట్లో మా ఆవిడ మాత్రం దీన్ని రోగం అంటుంది.

డాలస్ పక్కన కాపెల్‌లో మేం అద్దెకుంటున్న టౌన్‌హోమ్‌లో మంచి డైనింగ్ టేబుల్ ఉంది. దాని మీద మేం భోంచేసింది తక్కువ. కంచాలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో తింటాం, ఎందుకంటే టేబుల్ మీద నా షటిల్ ఉంటుంది. రాకెట్‌లా పైకెళ్ళి విమానంలా దిగే ఆ తెల్ల అంతరిక్ష నౌకకి ప్లాస్టిక్ నమూనా అది. పెట్టెలో ముక్కలుగా వస్తుంది. ముక్కల్ని ఫ్రేముల నుంచి కత్తిరించి, అంచులు అరగదీసి, జిగురు పెట్టి అతికించి, రంగులేసుకోవాలి. ఒక క్రిస్మస్‌కి ఆఫీసులో ఎవరో కానుకగా ఇచ్చారు. పెట్టె మీద బొమ్మతో పాటు ఇది పిల్లలు కూడా చేయగలరని రాసి ఉంది. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

మొదటిసారి పాడవడానికి కారణం నేను కాదు, గుత్తొంకాయ కూర. రంగు కింద వేసే బూడిదరంగు ప్రైమర్ కొట్టి, ఎండలో పెడితే ప్లాస్టిక్ వంగుతుందని వంటగది గట్టు పక్కన ఆరబెట్టాను. ఆదివారం. మా ఆవిడ పోపు పెట్టింది, వంకాయలు మగ్గించింది, నూనె ఆవిరి ఇల్లంతా తిరిగి వెళ్ళి షటిల్ మీద కూర్చుంది. మర్నాడు తెల్లరంగు కొడితే రంగు నిలవకుండా ముడుచుకుపోయి ఒళ్ళంతా గుంటలు పడ్డాయి. ఆన్‌లైన్ ఫోరమ్‌లో అడిగితే చేతులకి లోషన్ రాసుకున్నావా, గదిలో సిలికాన్ స్ప్రే వాడావా అని పెద్ద పెద్ద ప్రశ్నలు వేశారు. వంకాయ కూర సంగతి పాపం ఒక్కరికీ తట్టలేదు. రంగంతా ఆల్కహాల్‌తో కడిగేసి మళ్ళీ మొదలుపెట్టాను.

ఆ తర్వాత కడిగినవన్నీ మాత్రం నా ఘనతే. ఒకసారి నౌక రెండు సగాలు కలిసే చోట సన్నటి గీత కనిపించింది. ఇంకోసారి తెలుపు మరీ సున్నం కొట్టినట్టుందనిపించింది. ఇంకోసారి ఏ లోపమూ కనిపించలేదు, అంటే నేను సరిగ్గా చూడటం లేదని అనుమానమొచ్చి కడిగాను. మా ఆవిడది వరంగల్, నాది తెనాలి. కాలేజీలో ఉన్నప్పటి నుంచీ నన్ను ఎరిగిన మనిషి కాబట్టి ఇవన్నీ చూసి నవ్వి ఊరుకునేది.

ఇళ్ళ విషయానికొచ్చేసరికే ఆ నవ్వు ఆగిపోయింది. ఇల్లు కొనుక్కోవాలని ఆమెకి ఎప్పటి నుంచో కోరిక. వారాంతం వస్తే చాలు, ఇళ్ళు చూడటానికి వెళ్ళేవాళ్ళం. నేను ఫౌండేషన్‌లో పగులు చూసేవాణ్ణి, గరాజ్ తలుపు చప్పుడు వినేవాణ్ణి, టైల్స్ మధ్య సందుల్ని వేలితో తడిమేవాణ్ణి. ఏమీ దొరక్కపోతే "గ్రీన్‌కార్డ్ రానీ, అప్పుడు చూద్దాం" అనేవాణ్ణి. ఆ కార్డు ఎప్పుడొస్తుందో ఇచ్చేవాళ్ళకే తెలీదు. మాకు ఇళ్ళు చూపించే ఏజెంట్ విజయవాడ అమ్మాయి. ఒకరోజు విసిగిపోయి, "అన్నా, మీకు గుడి చూపించినా స్తంభం వంకరంటారు" అంది. నిజానికి నాకు భయం. బాగుంది అని ఒకసారి నోటితో అన్నానంటే, తర్వాత అందులో ఏ తప్పు బయటపడినా అది నాదే అవుతుంది. ఆఫీసులో నేను తప్పులు రాసిస్తానంతే. విడుదల చేయండి అని సంతకం పెట్టేది వేరేవాళ్ళు.

ఆ వేసవిలో చూసిన ఒక ఇల్లు ఆమెకి బాగా నచ్చింది. వంటగది కిటికీలోంచి పెరట్లో పికాన్ చెట్టు కనిపిస్తోంది. ఆమె ఆ కిటికీ ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. ఆ సమయంలో నేను ఫోన్‌ని హాల్లో నేల మీద పెట్టి వంపు కొలుస్తున్నాను. వంపు ఉంది. చెప్పాను. ఆలోచిద్దామన్నాను. మేం ఆలోచిస్తుండగా ఆ ఇల్లు ఇంకెవరో కొనుక్కున్నారు. ఆ కబురు ఫోన్‌లో తెలిసినప్పుడు మేం కార్‌లో ఉన్నాం.

"ఇగ నేను ఇండ్లు చూడనీకి రాను," అంది.

"అదేంటి? వేరేవి బోలెడున్నాయిగా."

"ఉంటయ్. నీకు ఏదీ నచ్చదు. నచ్చినా చాలు అననీకి నీకు నోరు రాదు. ముందుగాల ఆ టేబుల్ మీద ఉన్న ఒక్కదాన్ని ఫినిష్ చెయ్. చేసి తీస్కపోయి మీ క్లబ్‌ల పెట్టు. అప్పుడు నమ్ముత. అందాక ఇండ్ల ముచ్చట నా దగ్గర తియ్యకు."

అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి, ఇద్దరం చల్లబడేవాళ్ళం. మామూలుగా చెప్పి కిటికీ వైపు తిరిగింది. ఈమె నా మీద ఆశ వదిలేసుకుంటోందని నాకప్పుడు తెలిసింది.

క్లబ్ గురించి చెప్పాలి. నెలకో శనివారం పొద్దున లైబ్రరీ గదిలో మోడల్స్ కట్టేవాళ్ళు కలుస్తారు. చాలామంది రిటైరైన టెక్సాస్ పెద్దమనుషులు. కట్టినవి తెచ్చి టేబుల్ మీద పెడతారు, మిగతావాళ్ళు చుట్టూ చేరి చూస్తారు, ఆ తర్వాత డోనట్లు తింటారు. నేను చాలాకాలంగా వెళ్తున్నాను. చూస్తాను, తింటాను. ఒక్కటి కూడా తెచ్చి పెట్టింది లేదు.

ఇక నడుం బిగించాను. గరాజ్‌లోనే పని, వంటగది ఛాయలకి కూడా పోలేదు. టెక్సాస్ ఎండకి స్ప్రే గన్‌లోంచి చిమ్మిన రంగు ప్లాస్టిక్‌ని చేరేలోపే ఆరిపోయి పొడిలా రాలేది, అందుకని తెల్లవారుతూనే లేచి కొట్టేవాణ్ణి. తెలుపు పల్చగా పొర మీద పొర వేశాను. రెక్కల అంచులకి టేపు అంటించి, పొట్టకి నలుపు కొట్టాను. టేపు లాగినప్పుడు నలుపూ తెలుపూ కలిసేచోట గీత తిన్నగా వస్తుంది చూడండి, ఆ క్షణం కోసం ఎంత చాకిరీ అయినా చేయొచ్చు. ఆ తర్వాత అక్షరాలు, జెండాలు. అవి సన్నటి పొరలు. నీళ్ళలో నానబెడితే కాగితం వదిలి జారతాయి, పట్టకారుతో తెచ్చి కూర్చోబెట్టాలి. ఊపిరి గట్టిగా వదిలితే జెండా ముడుచుకుంటుంది. చివరగా రంగు మీది మెరుపు పోవడానికి మాట్ కోటింగ్. మా ఆవిడ టీ పట్టుకొచ్చి గరాజ్ గుమ్మంలో నిలబడేది.

"మంచిగనే ఉన్నది కదా."

"ఇంకా కాలేదు."

"ఏం కాలే?"

నేను చూపించేవాణ్ణి. ఆమె కళ్ళు చికిలించి చూసి, ఏమీ కనబడక, ఖాళీ కప్పు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది.

దసరా వచ్చేసరికి అంతా అయిపోయింది. చక్రాలు పెట్టి టేబుల్ మీద నిలబెట్టాను. ఆ శనివారమే క్లబ్. పండగ ముందు రోజు రాత్రి భోంచేస్తూ, అటువైపు చూసి, ఎడమ రెక్క అంచున నల్లగీత వెంట్రుకవాసి వణికినట్టుందన్నాను. పండగయ్యాక ఆ రెక్క ఒక్కటీ కడిగి మళ్ళీ వేస్తానన్నాను. ఈ శనివారం కాకపోతే వచ్చే నెల శనివారం. ఆమె మజ్జిగ కలుపుకుంటున్న చేయి ఆపింది. మళ్ళీ కలుపుకుంది.

మర్నాడు దసరా, కానీ ఇక్కడ మామూలు పనిదినం. ఆఫీసు నుంచి వచ్చేసరికి డ్రైవ్‌వేలో ఉన్న ఆమె కారుకి బొట్లు, టైర్ల కింద చితికిన నిమ్మకాయలు. లోపల మిక్సీకి బొట్టు, కత్తిపీటకి బొట్టు, ఆమె లాప్‌టాప్‌కి బొట్టు. ఆయుధపూజ కదా అని ముచ్చటపడుతూ టేబుల్ దగ్గరికొచ్చాను. షటిల్ ముక్కు మీద తడి పసుపు, దాని మీద కుంకుమ. రెండు రెక్కల మీద చెరొకటి. తోక మీద ఒకటి. ముందు ఒక బంతిపువ్వు రేక.

"ఏంటిది?" నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"పండుగ. బండికి పూజ చేసిన."

"అది బండి కాదు!"

"మరి చక్రాలెందుకున్నయ్?"

వంగి చూస్తే ఆ చక్రాల కింద ఒక్కో మిరియపు గింజ ఉంది.

"నిమ్మకాయ పెడ్దామంటే దానికన్న నిమ్మకాయనే పెద్దగున్నది. మిరియాలు పెట్టిన. మెల్లగ ఎక్కించిన, ఏం విరగలే."

నేను తిట్టాను. ఏం తిట్టానో రాయను. మాట్ కోటింగ్ అంటే సున్నం గోడలాంటిదనీ, పసుపు పీల్చేసుకుంటుందనీ, ఇక జన్మలో పోదనీ అరిచాను. అరుస్తూనే గరాజ్‌లోకెళ్ళి ఆల్కహాల్ సీసా, దూదిపుల్లలు తెచ్చాను. ఆమె అడ్డు రాలేదు. పైగా పక్కకి జరిగి దారిచ్చింది.

"తుడువు. పండుగ నాడు పెట్టిన బొట్టు నీ చేత్తోని తుడుస్తనంటే తుడువు."

నాకు పూజల మీద పెద్ద పట్టింపు లేదు. గుడికి వెళ్తే పులిహోర కోసం వెళ్తాను. కానీ దూదిపుల్ల ఆ కుంకుమకి దగ్గరగా తీసుకెళ్ళేసరికి చేయి ఆగిపోయింది. మా అమ్మ పెంపకం అది, వేళ్ళలో ఉంటుంది. ముందుకి పోలేదు.

"కొత్త కారుకు పూజ అయినంక మళ్ళ షోరూమ్‌కు తీస్కపోయి రంగు మార్పిస్తమా?" అంది ఆమె, ఇప్పుడు మెత్తగా. "పూజ అయిందంటే బండి రోడ్డెక్కాలె. ఇగ దాన్ని ముట్టకు."

కావాలనే చేసింది. పండగ ఒక సాకు. నేను ఏది తుడవలేనో సరిగ్గా దాన్నే తెచ్చి పెట్టింది. ఆ రాత్రి మాటల్లేవు. బొబ్బట్లు మాత్రం తిన్నాను.

శనివారం షటిల్ ఉన్న పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆమె కూడా కారెక్కింది. ఎప్పుడూ రాదు. దారిలో స్పీడ్‌బంప్ వచ్చిన ప్రతిసారీ పెట్టెని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. నేను మనసులో ఇంగ్లీషులో ఒక వాక్యం తయారు చేసుకుంటున్నాను. ఆ ఎర్రమచ్చలు నా తప్పు కాదు, మా ఆవిడ తెలియక చేసింది అని.

లైబ్రరీ గదిలో టేబుల్ మీద షటిల్‌ని పెట్టాను. క్లబ్ పెద్దాయన తెల్లమీసాలు దువ్వుకుంటూ చిన్న టార్చితో వచ్చాడు. నవ్వుతూ, "ఎప్పుడూ చూసిపోయేవాడు ఇవాళ ఏదో తెచ్చాడర్రా" అని అందరినీ పిలిచాడు. ఆయన టార్చి వేసేలోపే నేను మొదలుపెట్టాను. ఇక్కడ అతుకు కనిపిస్తుంది, ఈ జెండా కొంచెం వాలింది, ఎడమ రెక్క దగ్గర గీత...

పెద్దాయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. ఇక్కడ ఒక రూలుంది. కట్టినవాడు తన తప్పులు తను చెప్పకూడదు. ఆ సరదా మాకు వదిలెయ్."

అందరూ నవ్వారు. తప్పులు తీసేస్తే నేను మాట్లాడటానికి ఇంకేముంది? నిలబడ్డాను. టార్చి వెలుగు మెల్లగా తోక నుంచి ముక్కు దాకా పాకింది. ఆయన అతుకు పట్టుకున్నాడు, తెలుపు బాగుందన్నాడు. రెక్క మీది గీతని చూడనే లేదు. చెప్పాలని నాలుక దురద పెట్టింది. అంతలో వెలుగు ముక్కు దగ్గర ఆగింది.

"ఈ ఎరుపేంటి? అసలు నౌక ఫోటోల్లో నేనెప్పుడూ చూడలేదే."

నా వాక్యం సిద్ధంగా ఉంది. పక్కన మా ఆవిడ స్వెటర్ జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. నా వైపు చూడటం లేదు. షటిల్ వైపు చూస్తోంది. ఆ పికాన్ చెట్టు కిటికీ ముందు నిలబడ్డట్టే నిలబడి ఉంది, ఏం వినాల్సొస్తుందో ముందే తెలిసిన మనిషిలా.

"అది మా ఆవిడ పెట్టింది," అన్నాను ఇంగ్లీషులో. "మా వైపు కొత్త బండికి పెడతారు. పని పూర్తయింది, ఇక బయల్దేరొచ్చు అని." చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "దీని పని పూర్తయింది. ఇక నేను దీన్ని ముట్టుకోను."

పెద్దాయన మంచిది అన్నట్టు తలూపి, పక్కనున్న యుద్ధవిమానం మీదికి టార్చి తిప్పాడు. జనం అటు జరిగారు. ఆయనకది మామూలు మాటే. నాకు మాత్రం ఒళ్ళంతా తేలికైంది, భయంగానూ ఉంది.

మా ఆవిడ నా చొక్కా చేయి పట్టి లాగింది.

"ఏమన్నవ్?"

"విన్నావుగా."

"ఇంగ్లీష్‌ల కాదు. నాకు చెప్పు."

"పూర్తయింది," అన్నాను. "చాలు. బాగుంది."

ఆమె కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోలేదు.

"ఇంకోసారి అను," అంది.

అన్నాను.