ఎటు కూడినా పదిహేను

రెండు వందల పదమూడు రాగిరేకులు. ఐదేళ్ళ శుక్రవారాలు. ఒక ముసలాయన చివరి ఏడాది మనశ్శాంతి. ఒక మనిషికి తన కుడిచేతి మీద ఉన్న నమ్మకం. అదే మనిషికి నా మీద ఉన్న నమ్మకం. పోయినవాటిని లెక్కేస్తే ఇవి తేలుతున్నాయి. మొదటి రెండింటికే అంకెలున్నాయి. మిగిలినవాటిని దేనితో కొలవాలో పదహారేళ్ళుగా నాకు తెలియడం లేదు.

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఎరిగినవాళ్ళు నా లెక్క తప్పదంటారు. నిజమే. ఆ రోజు కూడా లెక్క తప్పలేదు. అందుకే ఇన్నేళ్ళూ దొరకలేదు.

నాది నల్లా నీళ్ళ మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం. పురానాపూల్ నుంచి బహదూర్‌పురా దాకా గల్లీలన్నీ నావే. చదువు ఏడో తరగతితో ఆగింది. తరువాతి లెక్కలన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. ఉర్దూ అక్షరాలు కూడా అలాగే, దుకాణాల బోర్డులు చూసి.

పురానాపూల్ దగ్గర ఒక అత్తరు దుకాణం ఉండేది. యజమానిని అందరూ పెద్దసాబ్ అనేవారు. ముందు గదిలో అత్తరు అమ్మేవాడు. వెనుక గదిలో రాగిరేకుల మీద అంకెలు గీసి ఇచ్చేవాడు: ఇంటి గుమ్మానికి, చంటిబిడ్డ ఉయ్యాలకి, బేరం లేని కొట్టుకి. మీటరు వెనుక గదిలోనే ఉండేది. ఒకరోజు రీడింగు రాసుకుంటూ ఆయన చేతిలో రేకు చూశాను. మూడు వరుసలు, వరుసకు మూడు గళ్ళు, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. మనసులోనే కూడి చూశాను. అడ్డంగా పదిహేను. నిలువుగా పదిహేను. మూలనుంచి మూలకు పదిహేను. ఆ రోజు మిగిలిన ఇళ్ళకు ఆలస్యంగా వెళ్ళాను. మర్నాడు మీటరు పని లేకపోయినా వెళ్ళాను.

మొదటి నాలుగేళ్ళు ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆ విద్యలో ప్రతి గ్రహానికీ ఒక లోహం ఉంటుంది, ఒక ధూపం ఉంటుంది, పగటిలో ఒక గడియ ఉంటుంది. రాగి శుక్రుడిది. కాబట్టి రాగిరేకు గీయాలంటే శుక్రవారం పొద్దు పొడిచిన తరువాత మొదటి గడియలోనే గీయాలి. ఆ గడియ చలికాలంలో చిన్నది, ఎండాకాలంలో పెద్దది. ఎన్ని నిమిషాలో వారం వారం పంచాంగం చూసి కట్టేది నేను. ఇక మనిషి పేరు. ఉర్దూలో పేరు మొదటి అక్షరాన్ని బట్టి అది నిప్పు పేరో, గాలి పేరో, నీటి పేరో, మన్ను పేరో తేలుతుంది. అరబ్బీ నుంచి వచ్చిన ఇరవై ఎనిమిది అక్షరాలే లెక్క, ఒక్కో భూతానికి ఏడు. నిప్పు పేరైతే గళ్ళు నింపడం పై వరుసలో మొదలుపెట్టాలి, గాలికి కుడివైపు, నీటికి ఎడమవైపు, మన్నుకి కింద. ఒకటి అనే అంకె ఏ వైపు పడిందన్నదే తేడా. మధ్య గడిలో ఎప్పుడూ ఐదే. ఎటు మొదలుపెట్టినా కూడిక పదిహేనే.

ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

ఆయన దగ్గర ఒక టేకుపెట్టె ఉండేది. అందులో నాలుగు వస్తువులు: నిప్పుకి కత్తి, గాలికి ధూపదాని, నీటికి కటోరా గిన్నె, మన్నుకి రేకు కోసే రాగిపలక. వాటితోపాటు గీసే ఉక్కు కలం. ఆయన తరువాత పెట్టె ఎవరిదైతే విద్య వాళ్ళది.

నాతోపాటు ఇంకొకడు కూర్చునేవాడు. ఖాజా. బహదూర్‌పురాలో రేకు ట్రంకుపెట్టెలు చేసే పనివాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. వాళ్ళమ్మది మెదక్ వైపు పల్లె కాబట్టి తెలుగు మాలాగే మాట్లాడేవాడు. కూడికలు రావు. పన్నెండూ ఏడూ ఎంతంటే వేళ్ళు చూసుకునేవాడు. కానీ కలం పడితే స్కేలు లేకుండా గీత తిన్నగా వచ్చేది. అంకె ఒక్కసారి దిగితే మళ్ళీ దిద్దడం ఉండేది కాదు. వచ్చినవాళ్ళు తమ కష్టం వాడికే చెప్పుకునేవారు. వాడేమీ బదులు చెప్పేవాడు కాదు, రేకు తుడుస్తూ వినేవాడు. అంతే. వాళ్ళు సగం తేరుకుని వెళ్ళేవారు.

నేను లెక్కపెట్టాను. ఒక్క సాయంత్రంలో పెద్దసాబ్ వాడిని పద్నాలుగుసార్లు బేటా అన్నాడు. నన్ను మూడుసార్లు మున్షీ అన్నాడు, అంటే గుమాస్తా. ఇంకో గురువారం ఖాజా కోసం పదకొండు మంది వచ్చారు. నా కోసం ఒకడొచ్చాడు, వాడు కూడా నీళ్ళ బిల్లు ఎక్కువ వచ్చిందని. ఇలాంటివి లెక్కపెట్టడం మానుకోవచ్చు కదా అనిపించేది. మానలేకపోయేవాణ్ణి. నేను కట్టిన గడియ లేకుండా, నేను తేల్చిన భూతం లేకుండా వాడు ఒక్క గీత గీయలేడు. అయినా రేకు వాడిది. దండం వాడికి. ఏం తక్కువైంది నాకు? కూర్చుని కూర్చుని నన్ను నేను అదొక్కటే అడిగేవాణ్ణి.

ఒకరోజు ఎవరో అడిగారు, మీ తరువాత ఎవరని. పెద్దసాబ్ నవ్వి, "మున్షీ కా హిసాబ్ పక్కా హై, లేకిన్ హాథ్ తో ఖాజా కా హై" అన్నాడు. లెక్క నాదట, చెయ్యి వాడిదట. నా ఎదుటే అన్నాడు. దాచిపెట్టాల్సిన మాటగా కూడా ఆయనకు తోచలేదు.

ఆ నెలలోనే ఆయన కళ్ళకు పొరలు కమ్మాయి. నాలుగు భూతాల గళ్ళూ ఉన్న పాత నోటుపుస్తకం చిరిగిపోతోందని, నా దస్తూరి బాగుంటుందని, రెండు నకళ్ళు రాయమన్నాడు. ఒకటి నాకు, ఒకటి ఖాజాకి. అప్పటిదాకా ఖాజా చేత నిప్పు, గాలి రేకులే గీయించాడు. మిగిలిన రెండూ పుస్తకం చూసి మొదలుపెట్టమన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం బల్ల మీద రాశాను. మంచి వెలుతురు. ముందు గీతలు కొట్టుకున్నాను. నా నకలు సరిగ్గా రాశాను. ఖాజా నకలులో నీటి పేజీ మీద మన్ను గళ్ళు వేశాను, మన్ను పేజీ మీద నీటి గళ్ళు వేశాను. చెయ్యి జారలేదు. ఆ మాట ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకోబోయాను, జారిందని. జారలేదు. రాశాక రెండు పేజీలూ కూడి చూసుకున్నాను. అన్నివైపులా పదిహేను. తప్పు చేస్తూ కూడా కూడిక సరిచూసుకున్న మనిషిని ఏమనాలి?

అప్పుడేం కోరుకున్నానో చెప్పాలి. వాడికి హాని జరగాలని కాదు. వాడి చేతికి తెలియకుండా ఒక్క తప్పు ఉండాలని. అది నాకు మాత్రమే తెలియాలని. దండాలు పెట్టించుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని, నాకు తెలుసులే అనుకోగలగాలని. అంతే అనుకున్నాను. అంతే అని ఇప్పుడు కూడా రాస్తున్నాను, చూడండి.

ఆ తప్పు బయటపడే దారి లేకపోయింది. ఒకరి పేరున గీసిన రేకును ఇంకొకరు ముట్టకూడదని మాలో నియమం. ఖాజా ఇంట్లో గీసి, గుడ్డలో చుట్టి, ఎవరిది వాళ్ళకే ఇచ్చేవాడు. పెద్దసాబ్‌కు చూపు లేదు, ముట్టే హక్కు లేదు. ఐదేళ్ళు గడిచాయి.

చివరికి పెట్టె అప్పగించే రోజు వచ్చింది. ఆ రోజు శిష్యుడు ఎవరి పేరూ లేకుండా నాలుగు భూతాల గళ్ళూ మైనపు పలక మీద గీయాలి. పేరు లేదు కాబట్టి గురువు ముట్టవచ్చు. పదిమందీ కూర్చున్నారు. ఖాజా గీశాడు. పెద్దసాబ్ వేలితో తడిమాడు. ఉర్దూలో ఒకటి అంటే ఒక్క నిలువు గీతే, వేలికి ఇట్టే తెలుస్తుంది. నిప్పు దగ్గర తల ఊపాడు. గాలి దగ్గర ఊపాడు. నీటి దగ్గర వేలు ఆగిపోయింది. మళ్ళీ తడిమాడు. మన్ను పలక తీసుకుని మళ్ళీ తడిమాడు.

"కిత్నోఁ కో దియా ఐసా?" అన్నాడు. ఇలాంటివి ఎంతమందికి ఇచ్చావని.

ఖాజాకు లెక్క రాదు. నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

తనకు తోచినట్టు మార్చుకున్నాడని, పొగరెక్కిందని, పెద్దసాబ్ అందరి ముందూ అన్నాడు. మళ్ళీ కలం పట్టవద్దన్నాడు. పుస్తకంలో అలాగే ఉందని ఖాజా ఒక్క మాట అనలేదు. అనివుంటే అందరూ నా వైపు తిరిగేవారు. పెట్టె నాకొచ్చింది. పెద్దసాబ్ ఆ ఏడాదంతా ఖాజా పేరు ఎత్తలేదు, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, ఆ తరువాత పోయాడు.

పెట్టె నాకొచ్చిన మూడోనాడు ఖాజా మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అన్నా, నీ పుస్తకం ఒక్కసారి తియ్యి. నా దాంతోని కలిపి చూద్దాం. నేనే ఏడనో ఉల్టా చూసిన కావొచ్చు."

"నాది లేదురా," అన్నాను. "చెదలు తిన్నయి."

"ఎప్పుడు?"

"పోయిన వానకాలం."

నవ్వాడు. "నీ ఇంట్ల చెదలు గూడ లెక్కవెట్టి తింటయి గదనే. మొత్తం తిన్నయా?"

"మొత్తం."

నా భుజం మీదుగా లోపలికి చూశాడు. టేకుపెట్టె అక్కడే ఉంది.

"పోనీ తియ్. నీ లెక్క తప్పు పోదు, నా కండ్లే పోయినయి. రాగే గద, కరగవెడితే మల్ల రాగే అయితది. ఇచ్చినోళ్ళ కాడికి పోయి ఒక్కొక్కటి అడుక్కొని తెస్త."

అప్పుడు పుస్తకం నా ట్రంకులో ఉంది, వాడు చేసిచ్చిన ట్రంకులో. వాడికి తెలిసిందా? ఆ నవ్వు ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో, అది మాత్రం లెక్కపెట్టలేదు.

అన్నట్టే తిరిగాడు. ఏడేళ్ళు, పని లేని రోజుల్లో, ఇల్లిల్లూ. ఈ రేకు తప్పు గీసిన, మాఫ్ చేయుండ్రి, ఇచ్చెయ్యుండ్రి, అని అడిగేవాడట. కొందరు తిట్టారు. ఒకావిడ తన బిడ్డకు జ్వరం తగ్గకపోవడం వల్లే అని వీధిలో లొల్లి పెట్టింది. అవి మీటర్ల కోసం తిరుగుతూ నా చెవులతో విన్నాను. విని, రీడింగు రాసుకుని, పక్కింటికి వెళ్ళాను. ఒక రేకు గళ్ళు ఎటు మొదలైతే జ్వరం తగ్గుతుందా? ఏమో. నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఖాజాకు తెలుసు. వాడు నమ్మాడు. తన చేతి నుంచి చెడు వెళ్ళిందని నమ్మి, ఆ చేతితో ఆ తరువాత ట్రంకు మీద పువ్వు కూడా గీయలేదు.

మూడేళ్ళ కింద ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. నలభయ్యోనాడు గడిచాక వాళ్ళావిడ నేను వాడికి రాసిచ్చిన నకలు తెచ్చిచ్చింది. "మీ అక్షరాలు మీకే ఇయ్యమన్నడు భయ్యా," అంది. ఇంకేమైనా అన్నాడా అని అడగలేకపోయాను. వెనుక పేజీల్లో నీటి పేర్లూ మన్ను పేర్లూ ఎవరిచేతో రాయించుకున్నాడు. రెండు వందల పదమూడు. తిరిగి తెచ్చినవాటి మీద అడ్డగీత, స్కేలు లేకుండా, తిన్నగా. నూట తొంభై ఆరు గీతలు.

పదిహేడు మిగిలాయి. ఆ ఇళ్ళన్నీ నాకు తెలుసు. వాటి మీటరు నెంబర్లు కూడా తెలుసు.

తిరగడం మొదలుపెట్టాను. మూడేళ్ళలో ఆరు తేగలిగాను. పోయిన నెల బహదూర్‌పురాలో ఒక ముసలమ్మ గుమ్మం మీద రేకు అడిగాను. చీపురు ఎత్తినంత పని చేసింది. "ఖాజా భాయ్ అడిగితెనే ఇయ్యలే, నీకిస్తనా? గా రేకు పెట్టినంకనే నా కొడుకు ఇంటికొచ్చిండు. మా ఇల్లు మస్తుగున్నది. పో పో, నీళ్ళ లెక్క చూస్కో."

తలెత్తి రేకు చూశాను. నీటి పేరుకి మన్ను గళ్ళు. ఒకటి కింద వరుసలో ఉంది. నేను పెట్టించిన చోటే. అయినా ఇల్లు బాగుంది. అప్పుడు నాలో కలిగినది పశ్చాత్తాపమని రాయాలని ఉంది. కాదు. తప్పు రేకు కూడా వాడి చేతిలో పనిచేసిందే అని కడుపు మండింది. పెట్టె నా దగ్గరకొచ్చి పదకొండేళ్ళు. నిజమైన పుస్తకం, నిజమైన గడియ, నాలుగు వస్తువులు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్క మనిషి కూడా నా దగ్గరకు రేకు కోసం రాలేదు. కలం తుప్పు పట్టింది.

మరి ఎందుకు తిరుగుతున్నాను? వాడి పని పూర్తి చేద్దామనా? లేక ఊళ్ళో ఒక్క గుమ్మం మీద కూడా వాడి గీత మిగలకూడదనా? ఇంటికొచ్చి నన్ను నేను అదే అడిగాను. రెండు జవాబులూ వచ్చాయి. ఏ పక్క నుంచి కూడినా రెండూ సరిపోతున్నాయి.

తెచ్చిన ఆరింటినీ కరిగించలేదు. గుడ్డలో చుట్టి, ఆ ట్రంకులో, రెండు పుస్తకాల పక్కన పెట్టాను. ముట్టకూడని నియమం నాకూ ఉంది, అయినా అప్పుడప్పుడు విప్పి వేలితో తడుముతాను. గీత ఎక్కడా వణకలేదు. ఈ మాట వాడు బతికుండగా ఒక్కసారి అనలేదు నేను. ఖాజా, నీ గీత మంచిది. నీ పుస్తకం నేనే తారుమారుగా రాశాను.

ఇక్కడ రాసేశాను. వాడు వినడు, మీరు విన్నారు. నిన్నటికన్నా ఊపిరి కొంచెం సాఫీగా ఆడుతోంది. అంతకంటే ఏమీ మారలేదు. రేపు సంతోష్‌నగర్ వైపు వెళ్ళాలి, జాబితాలో ఒకరు అక్కడికి ఇల్లు మారారట.

ఇంకా గుమ్మాల మీద ఉన్నవి, పదకొండు.