నారాయణగూడ దారి మానేసిన మూడు వారాలు

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది నేను ప్రభుత్వ ఫోరెన్సిక్ ప్రయోగశాలలో, బాలిస్టిక్స్ విభాగంలో అసిస్టెంట్ డైరెక్టరుగా ఉన్నాను. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. బాలిస్టిక్స్ అంటే తుపాకుల పని. ఫలానా బుల్లెట్ ఫలానా తుపాకీలోంచి వచ్చిందా లేదా అన్నది తేల్చి, కోర్టుకు రాసివ్వడం మా బాధ్యత. సినిమాల్లో ఇది రెండు నిమిషాల్లో అయిపోతుంది. మాకు వారాలు పట్టేది. ఆ తరువాత బోనులో నిలబడి వకీళ్ల చేత చీవాట్లు తినడానికి ఏళ్లు పట్టేది.

ఆ ఫిబ్రవరిలో నా బల్ల మీదికి వచ్చిన ఒక కేసు గురించి చెబుతాను. శాస్త్రపరంగా అందులో విశేషమేమీ లేదు. అంతకన్నా చిక్కు కేసులు చాలా చూశాను. కానీ దాని వల్ల నాకు సత్తన్న దూరమయ్యాడు. అందుకే తక్కినవన్నీ మరిచిపోయినా ఇది మరిచిపోలేదు.

మా నాన్నగారిది తెనాలి. రాజధాని కర్నూలు నుంచి మారినప్పుడు ఆఫీసు ఫైళ్లతో పాటు ఆయనా హైదరాబాద్ వచ్చి, అశోక్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే అయినా మా ఇంటి మాట మారలేదు. సత్తన్న దాన్నే పట్టుకుని ఆటపట్టించేవాడు. "వస్తున్నానండీ, వెళ్తున్నానండీ అనుకుంట నువ్వు నిలబడితే బస్సు వెళ్లిపోతది మూర్తీ. 'వస్తున్న' అను, ఎక్కు" అనేవాడు.

సత్తన్న చిక్కడపల్లి బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. నాకన్నా ఆరేడేళ్లు పెద్ద. సాయంత్రాలు ఇంటి దగ్గరి మట్టి మైదానంలో పిల్లలకు కబడ్డీ నేర్పి, ఆరు దాటాక నారాయణగూడ చౌరస్తాలోని ఇరానీ హోటల్‌కు వచ్చేవాడు. నేను ఆఫీసు నుంచి వస్తూ అక్కడే బస్సు దిగేవాణ్ణి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి మానేసిన బాలయ్య మాలో మూడోవాడు. ముగ్గురికీ కలిపి రెండు చాయ్‌లు, ఒక ఖాళీ కప్పు చెప్పి, మూడు భాగాలు చేసుకుని తాగేవాళ్లం. తరువాత నేను చిక్కడపల్లి మీదుగా నడుచుకుంటూ ఇంటికి. ఇరవై ఏళ్లు ఇదే వరస. ఆ గంట కోసం రోజంతా పని చేసేవాణ్ణేమో అని ఇప్పుడనిపిస్తుంది.

కేసు అంజిది. కబడ్డీ రైడర్ అంజి. పాలమూరు నుంచి మేస్త్రీ పనికి వచ్చిన దంపతుల కొడుకు. దోమలగూడలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాళ్ల కాపురం ఉండేది. వాణ్ణి బరిలో నిలబెట్టి, ఊపిరి పట్టడం నేర్పి, బూట్లు కొనిచ్చి, జిల్లా జట్టు దాకా తీసుకెళ్లింది సత్తన్నే. వాడు దేశం తరఫున ఆడాక, టీవీలో తొడగొట్టి కూతకు వెళ్తుంటే హోటల్‌లో సగం మంది లేచి నిలబడేవాళ్లు. సత్తన్న మాత్రం కూర్చునే ఉండి, "ఎడమకాలు ఇంక లేటే తీస్తుండు వీడు" అని గొణిగేవాడు. సొంత పిల్లలు లేని మనిషి. అంజి ఆయన్ను "బాపూ" అని పిలిచేవాడు.

నగర శివార్లలోని ఒక ఫామ్‌హౌస్‌లో స్థలాల వ్యాపారి ఒకడు పుట్టినరోజు విందు చేశాడు. అంజి అతని దోస్తు. సరదా ముదిరి కాల్పుల దాకా వెళ్లింది. ఒక బుల్లెట్ వంట చేస్తున్నాయన తొడలో దిగింది, ప్రాణం దక్కింది. మర్నాటికి ఒక వీడియో బయటికి వచ్చింది. అందులో అంజి పిస్తోలు పట్టుకుని నవ్వుతున్నాడు. పోలీసులు ఇద్దర్నీ అరెస్టు చేశారు.

ఇక చూడాలి మా పేటల సందడి! అశోక్‌నగర్ ఇడ్లీ బండ్ల దగ్గర కోచింగ్ సెంటర్ల కుర్రకారు సెక్షన్ల నంబర్లతో కొట్టుకునేవారు. వాళ్లకు అది రాబోయే పరీక్షలో ప్రశ్న. హోటల్‌లో అయితే రెండు పార్టీలే అయ్యాయి. నిప్పు లేనిదే పొగ రాదని ఒక పార్టీ. "తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు, పిస్తోలు పట్టుకుంటే కాల్చినట్లేనా?" అని రెండోది. బాలయ్య రోజుకో పార్టీలో ఉండేవాడు. "పైసలెక్కువైతే గిట్లనే అయితది అన్నా" అని ఇవాళంటే, "మనోడు గసుంటోడు గాదు" అని రేపనేవాడు. సత్తన్న వాదించేవాడు కాదు. ఎవరైనా మరీ నిలదీస్తే, "వాడు కాల్చలే" అని ఆ ఒక్కమాట అనేవాడు. ఆయన చాయ్ మాత్రం కప్పులో చల్లారిపోయేది.

తరువాతి సోమవారం కేసు మా విభాగానికి వచ్చింది. పద్ధతి ఏమిటంటే, వచ్చిన పొట్లాల లక్క సీళ్లను, విడిగా పంపిన నమూనా సీలుతో ముందు సరిపోల్చాలి. తేడా ఉంటే తీసుకోకూడదు. ఇందులో రెండు పిస్తోళ్లు, రెండూ ఒకే రకం, ఒకే బోరు, అంటే గొట్టం వెడల్పూ ఒకటే. ఒకటి వ్యాపారిది, ఒకటి అంజిది, రెండింటికీ లైసెన్సులున్నాయి. ఒక చిన్న సీసాలో డాక్టర్లు తీసిన బుల్లెట్. నిందితుడి గురువు నాకు స్నేహితుడని డైరెక్టరు గారికి కాగితం మీద రాసి ఇచ్చాను. "ఈ ఊళ్లో అంజి తాలూకు మనిషి తెలియనివాడు ఎవడున్నాడు మూర్తిగారూ? మీరు చూడండి, రెండో పరీక్షకుడు విడిగా చూసి సంతకం పెడతాడు" అన్నారాయన.

ఆ సాయంత్రమే నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. నా నోటి మీద నాకు నమ్మకం ఉంది, ముఖం మీద లేదు. పప్పులో ఉప్పు తక్కువైతే నేను నోరు మెదపకుండానే మా ఆవిడ వంటింట్లోంచి ఉప్పు తెచ్చేస్తుంది. అలాంటి ముఖం వేసుకుని సత్తన్న ఎదురుగా కూర్చోగలనా? రిపోర్టు వెళ్లేదాకా హోటల్‌కు పోకూడదనుకున్నాను. నారాయణగూడలో దిగడం మానేసి, వేరే బస్సులో దోమలగూడ వైపు నుంచి ఇల్లు చేరడం మొదలుపెట్టాను. ఎవరికీ కారణం చెప్పలేదు. చెప్పకపోవడం కూడా నిబంధనలో భాగమేననుకున్నాను. నా నిజాయితీకి నేనే మురిసిపోయాను కూడా.

తుపాకీ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. బుల్లెట్ వాటిని రాసుకుంటూ పోతుంది కాబట్టి ఒంటినిండా సన్నని గీతలు పడతాయి. ఏ గొట్టం గీతలు దానివే. అనుమానపు తుపాకీని మేం దూది కుక్కిన పొడవాటి పెట్టెలోకి పేల్చి, ఆ బుల్లెట్‌ను, శరీరంలోంచి తీసినదాన్ని జంట మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి తిప్పుతూ చూస్తాం. తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి నాకు తేలిపోయింది. అంజి పిస్తోలుతో గీతలు కలవలేదు. వ్యాపారి పిస్తోలుతో అతికినట్టు కలిశాయి. మూడుసార్లు చూశాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ, దారిలో వంతెన మీద బస్సు ఆగినప్పుడు చిక్కడపల్లి వైపు చూస్తూ, దిగి పది నిమిషాలు నడిస్తే సత్తన్న ఇల్లు కదా అనుకున్నాను. ఆ ఒక్కమాట ఆయనకు చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. దిగలేదు.

రెండో పరీక్షకుడు విడిగా చూసి అదే తేల్చాడు. మూడో వారంలో సీలు కవరులో రిపోర్టు వెళ్లింది. రెండురోజులకే ఆ సంగతి పేపర్లలో వచ్చింది, అంజికి బెయిలు దొరికింది. తరువాత చార్జిషీటులో వాడి పేరు నిందితుల్లోంచి సాక్షుల్లోకి మారింది. తుపాకీ ఏదో మేం చెప్పగలం గానీ వేలు ఎవరిదో చెప్పలేం. కాల్చింది ఎవరో కళ్లారా చూసిన వంటవాళ్లు చెప్పారు.

పేపరు చూసిన సాయంత్రం నారాయణగూడలో దిగి, దాదాపు పరుగెత్తుకుంటూ హోటల్‌కు వెళ్లాను. బాలయ్య ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

నేను రాకపోయిన మూడోరోజే హోటల్‌లో లెక్క తేలిపోయిందట. తుపాకులు ల్యాబుకు పోయాయని పేపర్లో వచ్చింది. మూర్తి రావడం మానేశాడు. "మంచి కబురైతే మూర్తి సార్ రాకుండ ఉంటడా? సత్తన్న మొఖం చూడలేకనే వస్తలేడు" అన్నారట. మౌనం అర్ధాంగీకారమని ఎవరో సామెత కూడా చెప్పారట. ఆ మాటన్నవాళ్లలో తానూ ఉన్నానని బాలయ్య ఒప్పుకున్నాడు. వాదనలు ఆ రోజుతో ఆగిపోయాయి. అంజి పార్టీ వాళ్లు కూడా నోరు మూసుకున్నారు. సత్తన్న మరి రెండురోజులు వచ్చి, తలుపు వైపు చూస్తూ కూర్చుని వెళ్లాడట.

తరువాత అంజి తల్లి ఆయన ఇంటికి వచ్చింది. మర్నాడు బెయిలు దరఖాస్తు కోర్టులో విచారణకు ఉంది. "బాపును ఒక్కసారి వచ్చి నిలబడుమను" అని కొడుకు జైల్లోంచి చెప్పి పంపాడు. ఇంకేమీ అడగలేదు. సత్తన్న ఆమెతో వెళ్లలేదు. గోడ మీది అంజి ఫోటో అప్పటికే దించేశాడు. ఆ రోజు బెయిలు రాలేదు, మా రిపోర్టు వచ్చేదాకా వాడు లోపలే ఉన్నాడు.

బాలయ్య ఇదంతా చెప్పిన మర్నాడు ఉదయమే సత్తన్న ఇంటికి వెళ్లాను. మంచినీళ్లిచ్చాడు, కుర్చీ వేశాడు. కోపంగా లేడు, అది ఇంకా భరించలేకపోయాను. నిబంధనలన్నీ ఏకరువు పెట్టాను. నేను ఎవరికీ ఏమీ చెప్పకూడదని, అందుకే దూరంగా ఉన్నానని.

అంతా విని అన్నాడు: "నోరు మూసుకొమ్మన్నరు, మూసుకున్నవ్. మంచిదే. కాళ్లు గూడ ఆపుమన్నరా మూర్తీ?"

చేతిలోని నీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"తప్పు నాదే" అన్నాడు. "వాడు కాల్చలేదని నాకెర్కే. నువ్వు వస్తలేవని జూసి నా నమ్మకం నేను మర్సిన. నిన్న సాయంత్రం అంజి వచ్చిండు. కాళ్లు మొక్కిండు. 'బాగున్నరా సార్' అన్నడు." ఆ 'సార్' దగ్గర ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇరవై ఏళ్లలో ఆయన కళ్లలో నీళ్లు చూడటం అదే మొదలు.

సత్తన్న మళ్లీ హోటల్‌కు రాలేదు. మైదానం కూడా మానేసి, ఆ ఏడే ముషీరాబాద్‌లో తమ్ముడి ఇంటికి మారిపోయాడు. రెండుసార్లు వెళ్లాను. మర్యాదగా మాట్లాడాడు. నా "వెళ్తున్నానండీ"ని వెక్కిరించలేదు. అది చూశాక మూడోసారి వెళ్లలేకపోయాను. ఇప్పుడు రిటైరయ్యాక నాకు రోజంతా తీరికే. ఆరు దాటేసరికి మనసు నారాయణగూడ వైపు లాగుతుంది. ఆయన ఎదురుగా కూర్చుని నన్ను ఒక్కమాట తిడితే చాలు, ఈ బరువు దిగుతుందనిపిస్తుంది.

పదవీ విరమణకు ముందు కొత్తగా చేరిన పరీక్షకులకు పాఠాలు చెప్పే పని నాకే అప్పగించారు. సీళ్ల సంగతి, మైక్రోస్కోపు సంగతి చెప్పాక చివర్లో నిబంధనల పుస్తకంలో లేని ఒక నిబంధన చెప్పేవాణ్ణి. కేసు బల్ల మీదికి వచ్చిన రోజు కూడా మీరు రోజూ వెళ్లే దారినే ఇంటికి వెళ్లండి. రోజూ కూర్చునే చోటే కూర్చోండి. తెలిసినవాళ్లు అడుగుతారు, చెప్పనని వాళ్ల ముఖం మీదే చెప్పండి. వాళ్లు తిడితే తిట్టనివ్వండి. చెప్పకపోవడం మన ఉద్యోగం. అడిగే వీలు లేకుండా చేసే అధికారం మనకు ఎవరూ ఇవ్వలేదు. నేను సత్తన్నకు ఆ వీలు ఇవ్వలేదు.