తెల్లబంగారం పైపూత

మా ఫ్లాట్‌లో ఉండే దుర్గేష్‌ది ప్రొద్దుటూరు. బంగారప్పని చేసే ఇల్లు. న్యూజిలాండ్‌లోని ఈ పామర్‌స్టన్ నార్త్‌కి బిజినెస్ డిప్లొమా చదవడానికి వచ్చి, చివరికి ఇక్కడా నగల షాపులో ఉంగరాలకి మెరుగు పెడుతున్నాడు. ఆ మాటంటే వాడికి కోపం. నాకేమో అనకపోతే తోచదు.

కానీ పని తెలిసినవాడు. అద్దంలా మెరిసే పెళ్ళి ఉంగరం మీద మొదటి నెలలోనే గీతలు పడతాయని, రెండేళ్ళకి అవన్నీ కలిసిపోయి మెత్తటి మెరుపు వస్తుందని చెప్పేవాడు. సన్నగీతలు గీసి మెరుపు తగ్గించిన ఉంగరమైతే అరచేతి వైపు ఆరునెలల్లోనే నున్నగా అరిగిపోతుందట. సుత్తితో కొట్టి సొట్టలు తేల్చిన ఉంగరమైతే ఎంత వాడినా అరుగుదల తెలీదట. అన్నిటికన్నా మోసం తెల్లబంగారం. దాని తెలుపంతా పైపూతే. చేతులు ఎక్కువ కడిగేవాళ్ళకి ఏడాది తిరక్కుండానే అరిగి లోపలి పసుపు బయటపడుతుంది.

ఇవేవీ కొనేవాళ్ళతో అనకూడదని ఓనర్ ఆజ్ఞ. 2014లో ఒక ముసలి జంటకి వీడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆలోచించుకుని వస్తామని వాళ్ళు వెళ్ళిపోయారు. వీడు ఇక్కడే స్థిరపడే హక్కుకి, అదే రెసిడెన్సీకి, కావలసిన ఉద్యోగం లెటర్ అప్పటికే టైపు చేసి ఉంది. ఓనర్ దాన్ని సంతకం పెట్టకుండా సొరుగులో వేసి, వచ్చే నెల చూద్దామన్నాడు. వీసా మీద ఆ షాపు పేరే ఉంది. మానేస్తే దేశమే వదలాలి. నాకు ఒళ్ళు మండి, పోయి నిలదీయరా అన్నాను.

"నువ్వు రెసిడెంటువి. నీకేం అన్నా, ఎన్నైనా చెప్తావు" అన్నాడు.

రెండు నెలల తర్వాత షాపుకి కుసుమ వచ్చింది. కడప అమ్మాయి, హాస్పిటల్లో నర్సు. తనతో పనిచేసే ఈ దేశపు కివీ అబ్బాయితో పెళ్ళి కుదిరింది. తెల్లబంగారం ఉంగరం వేలికి పెట్టుకుని చూసుకుంటూ, వీడి చొక్కా మీది పేరు చూసి ఏ ఊరని అడిగింది. ప్రొద్దుటూరనగానే ప్రాణం లేచొచ్చి తెలుగులోకి దిగింది. డ్యూటీలో రోజుకి యాభైసార్లు చేతులు కడుక్కోవాలని, పెళ్ళయ్యాక ఈ ఉంగరం వేలినుంచి తియ్యననీ చెప్పింది.

"మనోడివని అడుగుతాండా అన్నా. ఈ తెలుపు నిలుస్తాదా?"

ఓనర్ పక్కనే నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"నిలుస్తాదమ్మా. ఏం గాదు" అన్నాడు దుర్గేష్.

ఆ పిల్ల ఇంకో ప్రశ్న వెయ్యకుండా కొనేసింది.

ఆ శుక్రవారం సాయంత్రం సంతకమైన లెటర్ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. నేను ఎగిరి గంతేసి, బిర్యానీ చేద్దాం లేవరా అన్నాను. వాడు కదల్లేదు. జరిగిందంతా అప్పుడు చెప్పాడు. ఓనర్ పక్కనే నిలబడితే నువ్వు మాత్రం ఏం చేస్తావు, తప్పదు కదా అని సర్దిచెప్పబోయాను.

"ఆయనకి తెలుగొస్తాదా అన్నా?" అన్నాడు. "నిజం చెప్పినా ఆడ ఆ పిల్లకి తప్ప ఎవురికీ అర్థమయ్యేది గాదు. అయినా నా నోట అబద్ధమే వచ్చె."