బాగా ఎరిగిన ఇద్దరు

నిరుద్యోగులకిచ్చే ఉచిత ట్రైనింగులో ఈరోజు మాచేత బయోడేటా రాయించారు. చివర్లో, చుట్టాలు కాకుండా మనల్ని బాగా ఎరిగిన ఇద్దరి పేర్లు కావాలట. నా స్నేహితులంతా ఉద్యోగాలకని ఊళ్లు పట్టిపోయారు, ఫోన్లెత్తరు. మొదటి గడిలో మా ట్రైనింగు సార్ పేరే రాసేశాను. రెండోదాని కోసం చీపురుపల్లి స్టేషన్ దగ్గర టీకొట్టుకెళ్లాను. రెండేళ్లుగా రోజూ అక్కడే తాగుతన్నాను.

“మావా, ఎవరైనా ఫోన్ చేసి అడిగితే, నేను మంచోడినని సెప్తావా?”

“ఎందుకు సెప్పను బాబూ, రోజూ సూస్తన్నాను కదా!” అని గ్లాసు చేతికిచ్చి, “ఇంతకీ నీ పేరేటి?” అన్నాడు.

ఒళ్లు మండింది. అయినా ఇంకెవరున్నారని, ఆయన పేరే రాద్దామని పెన్ను తీశాను. అది నాకూ తెలీదు.

మీరు రోజూ టీ తాగే కొట్టాయన పేరేటో మీలో ఎవరికైనా తెలుసా?