గయలో వదిలేసిన పండు

మా నాన్న పెంచిన మింగుట్టు చెట్టు గురించి కంకిపాడు బస్టాండు పక్క హోటల్లో నేను చెప్పిన అబద్ధాలన్నీ పోగేస్తే ఆ హోటలు పైకప్పు లేచిపోతుంది. ఆ చెట్టు ఏడాదికి రెండే ఆకులు వేస్తుందనీ, అందులో ఒకటి నచ్చక వెనక్కి తీసుకుంటుందనీ చెప్పాను. రంగూన్‌లో ఆ పండు ఒలిచే ముందు పోలీసువాడికి కబురు పెట్టాలని చెప్పాను. దాని వాసనకి ఏనుగులు ఏరు ఈదుకుంటూ వచ్చి సంతలో వరసలో నిలబడేవని కూడా చెప్పాను. టీ చల్లారిపోతున్నా ఎవరూ లేచేవారు కాదు. ఇప్పుడు రాస్తున్నది చప్పగా ఉంటే మాత్రం నన్ను తిట్టకండి. ఇందులో నేనేమీ కలపలేదు.

నేను రంగూన్‌లోనే పుట్టాను. నాన్న అక్కడ బియ్యం మిల్లులో పనిచేసేవాడు. యుద్ధం రోజుల్లో నన్ను చంకనేసుకుని అమ్మా నాన్నా ఓడెక్కి వచ్చేశారు. అక్కడ వదిలేసి వచ్చిన కుట్టు మిషను గురించి గానీ, ఇత్తడి సామాను గురించి గానీ అమ్మ ఎప్పుడూ మాట్లాడలేదు. మింగుట్టు పండు గురించి మాత్రం మాట్లాడేది. వంకాయ రంగు తొక్క, లోపల వెల్లుల్లి రెబ్బల్లా తెల్లటి తొనలు. ఇంగ్లీషు తెలిసినవాళ్లు దాన్ని మాంగోస్టీన్ అంటారని చాలాకాలం తర్వాత తెలిసింది. మా ఇంట్లో దానికి బర్మావాళ్ల పేరే, అమ్మ నోట్లో కాస్త అరిగి మింగుట్టు అయింది.

ఒకసారి నాన్న ఊళ్లోవాళ్లతో కలిసి దక్షిణాది యాత్రకి వెళ్లి, కుర్తాళంలో ఒక తోటమాలిని బతిమాలి, నూనె డబ్బాలో జానెడు మొక్క తెచ్చాడు. రైల్లో దానికి కిటికీ పక్క సీటిచ్చి తను నిలబడి వచ్చాడని మిగతా యాత్రికులు చెప్పారు. ఇది నా కల్పన కాదు.

మా నేల దానికి పడదు. మా ఎండ అసలే పడదు. కాలవలు కట్టేసి, పడమటి గాలి మొహం మీద నిప్పులు చల్లే రోజుల్లో కొబ్బరిచెట్లే వాడిపోయినట్టుంటాయి. నాన్న దాన్ని రెండు కొబ్బరిచెట్ల మధ్య పెట్టి, చుట్టూ అరటి వేశాడు. పడమటి వైపు తడిక కట్టి, మా కొట్లోని గోనె సంచులు దాని మీద వేలాడదీసి, పొద్దున్నా సాయంత్రం తడిపేవాడు. మాది తాళ్లూ గోనె సంచుల కొట్టు. విజయవాడ వన్ టౌన్ నుంచి నేను సరుకు తెచ్చిన రోజు, కొత్త సంచుల్లో మంచివి ముందు చెట్టుకి వెళ్లేవి, తర్వాతే బేరానికి.

చెట్టు బతికింది. పెరిగింది కూడా, తీరిగ్గా. పూత మాత్రం లేదు. గ్రహణం రోజున అమ్మ దానికి రోకలి కట్టి చూసింది. పక్కింటావిడ సలహా మీద పాత చెప్పు కూడా వేలాడదీసింది. నాన్న చెప్పు తీసేశాడు గానీ రోకలి ఉండనిచ్చాడు.

"ఎందుకండీ దాని వెంట పడతారు? గొడ్డు చెట్టది" అనేది అమ్మ.

"కాసినప్పుడు నీ నోట్లో మొదటి తొన నేనే పెడతాను. అప్పుడనవే ఆ మాట" అనేవాడు నాన్న.

ఒక వేసవిలో, మధ్యాహ్నం భోజనం చేసి, వసారాలో నడుం వాల్చి, నాన్న మళ్లీ లేవలేదు.

నాకు ఏడుపు రాలేదు. అమ్మకీ రాలేదు. వచ్చినవాళ్లంతా మా ఇద్దరి మొహాలూ చూసి, కాసేపు ఎదురుచూసి, వాళ్లే ఏడ్చి వెళ్లారు. తర్వాత కూడా రాలేదు. పొద్దున్న కొట్టు తీసేవాణ్ణి, సాయంత్రం మూసేవాణ్ణి. హోటల్లో నన్ను చూడగానే జనం బల్ల మీద జరిగి చోటిచ్చి, "ఏదన్నా చెప్పవయ్యా, నీ మాటలు వినక చెవులు తుప్పు పట్టాయి" అనేవారు. నోరు తెరిస్తే గోనె సంచుల ధరలు వచ్చేవి. కొన్నాళ్లకి చోటివ్వడం మానేశారు.

ఒకరోజు మా ఆవిడ పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది. అమ్మా నేనూ ఆ పప్పన్నం తిని, చారు పోసుకుని, మజ్జిగ తాగి లేచాం. ఆ తర్వాత తను తినడానికి కూర్చుని మొదటి ముద్దకే ఆగిపోయింది.

"ఏమండీ, ఉప్పు లేదు."

"లేదా?"

"అత్తయ్యా, మీకూ తెలియలేదా?"

అమ్మ కాసేపు ఆలోచించింది. "ఏమోనమ్మా. తిన్నాను" అంది.

"తల్లీ కొడుకులకి నాలుకలున్నాయో, అవీ మావయ్యగారితో పంపించేశారో!" అంటూ మా ఆవిడ ఉప్పు గిన్నె తెచ్చి మా మధ్య ఠపీమని పెట్టింది. అప్పటికే ఇద్దరం చేతులు కడిగేసుకున్నాం.

నాన్న సంవత్సరీకాలు అయ్యాక, చలికాలం మొదట్లో అమ్మని తీసుకుని కాశీ, గయ వెళ్లాను. గయలో పిండాలు పెట్టాక, మనకి ఇష్టమైన పండు ఒకటీ, కూర ఒకటీ వదిలెయ్యాలి. పోయినవాళ్ల పేరున వదిలింది బతికున్నంతకాలం మళ్లీ నోట పెట్టకూడదు. ఈ సంగతి మా వైపు అందరికీ తెలుసు గనక, రైల్లోనే ఆడవాళ్లంతా లెక్కలు వేసుకుంటారు. ఏది వదిలితే ఇబ్బంది లేదో, ఏది వదిలితే దేవుడు మరీ పసిగట్టడో.

"ఏం వదులుతున్నారు వదినగారూ?" అని వెనకాల నిలబడ్డ గుడివాడ ఆవిడ అమ్మని అడిగింది.

"చూడాలండీ. మీరో?"

"నేను కాకరకాయండీ. మా ఇంట్లో ఎవరూ తినరు. పండంటారా, రేగుపండు. ఎలాగూ పళ్లు కదులుతున్నాయి."

తెలుగు వచ్చిన పంతులుగారొకాయన అమ్మ చేతిలో నీళ్లు పోసి, "ఇష్టమైనదే చెప్పాలి తల్లీ" అన్నాడు.

"పొట్లకాయండీ" అంది అమ్మ.

"అంత ఇష్టమా?"

"ప్రాణమండీ."

అమ్మ జన్మలో పొట్లకాయ ముట్టగా నేను చూడలేదు. నాకు ఈ విద్య ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది.

"పండు?"

అమ్మకి మామిడిపండంటే పిచ్చి. చిన్నరసాల రోజుల్లో ఆవిడ భోజనం చేసేది కాదు, పళ్లు తిని పడుకునేది. అది చెప్పాల్సి వస్తుందేమోనని నేనే కంగారుపడ్డాను. అమ్మ తడుముకోలేదు. "మింగుట్టు పండండీ. మా రంగూన్ పండు" అంది.

పంతులుగారు ఆ పేరు ఎన్నడూ విని ఉండడు. మంత్రంలో దాన్ని పలకలేక రెండుసార్లు ఆగి, మూడోసారికి ఎలాగో దాటించాడు.

బయటికొచ్చాక, "గట్టిదానివేనమ్మా. కాయని చెట్టు పండు వదిలావు" అన్నాను.

"మరి? రసాలు వదిలి ఎట్లా బతకమంటావురా?" అంది.

ఇద్దరం నవ్వలేదు. నవ్వాల్సిన చోటని మాత్రం ఇద్దరికీ తెలుసు.

మాఘమాసం దాటుతుండగా మా ఆవిడ పెరట్లో బట్టలారేస్తూ కేకేసింది. "ఏమండీ, మావయ్యగారి చెట్టు చూడండి!"

కొమ్మల చివర గుండ్రంగా, దళసరిగా, లేత ఎరుపు మొగ్గలు. నేను చూశాను. అమ్మ కూడా వచ్చి చూసింది. చాలాసేపు చూసి, "మీ నాన్న ఊరుకుంటాడా?" అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఆవిడే బిందెతో నీళ్లు మోయడం మొదలుపెట్టింది. కొట్టుకొచ్చి కొత్త గోనె సంచులు తనే ఏరుకుంది. నేను పట్టుకుంటానంటే బిందె ఇచ్చేది కాదు. వడగాడ్పులకి పిందెలు రాలేవి. రాలినవాటిని చేటలో పోసుకుని ఒక్కోదాన్నీ తిప్పి చూసేది. నాన్న పోయాక ఆవిడ ఏ వస్తువునైనా అంతసేపు చూడటం అదే. కాయ అడుగున పూరేకుల్లాంటి గుర్తు ఉంటుందనీ, అందులో ఎన్ని రేకులుంటే లోపల అన్ని తొనలనీ మా ఆవిడకి చూపించింది. చూపిస్తూ ఒకసారి గుటక వేసింది. అది నేను చూశాను.

"నువ్వు తినని పండుకి ఇంత చాకిరీ ఎందుకమ్మా?" అన్నాను.

"నేను తింటానని కాసిందా అది?"

ఆవిడ చేత ఆ పండు తినిపించాలని నాకు అప్పుడే పట్టుకుంది. వేరే ఏ కోరికా లేని రోజుల్లో అదొక్కటే ఉంది. పిండం పెట్టించే మా ఊరి పంతులుగారి దగ్గరికి వెళ్లి, దారి చూపించమన్నాను. ఆయన గడ్డం గోక్కుని, మరోసారి గయ వెళ్లి ఇంకో పండు వదిలితే సరిపోతుందేమోనని, ఏ పుస్తకంలోనూ లేని మాట నా మొహం చూసి చెప్పాడు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

అమ్మ వింది. "రసాలు వదిలి ఇది తీసుకోమంటావా?"

"రసాలు కాకపోతే ఇంకోటి. అసలు గయలో ఆ పంతులు కునికిపాట్లు పడుతున్నాడమ్మా. మంత్రం సగమే చదివాడు. నేను పక్కనే ఉన్నాగా. అది చెల్లదు."

చాన్నాళ్లకి నా నోట వచ్చిన అబద్ధం అది. చేతకానివాడు అల్లిన తడికలా ఉంది.

"నీ మాట కాశీలో కూడా ఎవడూ నమ్మడు గానీ, ఆయన పేరున నీళ్లు వదిలి ఇచ్చానురా. ఇచ్చింది ఆయన దగ్గర లాక్కుని నేను తింటానా?" అంది అమ్మ.



వానలు పడ్డాక గుప్పెడు కాయలు మిగిలాయి. రంగు తిరిగిన రోజు అమ్మే కోసి, ఒళ్లో వేసుకుని, వసారాలో కూర్చుంది. చాకు తేబోతే మా ఆవిణ్ణి వద్దంది. పండు రెండరచేతుల మధ్య పెట్టి, పక్కకి కొద్దిగా తిప్పి నొక్కింది. తొక్క చుట్టూరా విచ్చింది. మూత తీసినట్టు పైభాగం తీసి పక్కన పెట్టింది. అన్నేళ్ల తర్వాత ఆ చేతులకి అది ఎలా గుర్తుందో తెలియదు.

ఒకటి మా ఆవిడకిచ్చింది. ఒకటి నాకిచ్చింది.

మా ఆవిడ తొన నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "అబ్బ అత్తయ్యా!" అని, వెంటనే అలా అన్నందుకు భయపడ్డట్టు నోరు మూసుకుంది.

అమ్మ ఆమె వైపు చూడలేదు. నన్నే చూస్తోంది. "ఎట్లా ఉందిరా?"

ఊరంతటికీ ఆ పండు రుచి చెప్పినవాణ్ణి. తొన నమిలాను. మెత్తగా, చల్లగా ఉంది. అంతే.

"బాగుందమ్మా."

"బాగుండటం ఏంట్రా? పుల్లగా ఉందా, తియ్యగా ఉందా?"

వర్ణించి చెప్పేద్దామనుకున్నాను. మాటలు కూడా వరసలో వచ్చి నిలబడ్డాయి. ఆవిడ మొహం అంత దగ్గరగా పెట్టి అడుగుతుంటే చెప్పలేకపోయాను.

"తెలియట్లేదమ్మా."

అమ్మ తల ఊపింది. కోప్పడలేదు. "నాకు అన్నం కూడా అంతేరా" అంది. ఒళ్లోంచి ఇంకోటి తీసి, నొక్కి, తెరిచి, "ఇది తిను. గబగబా నమలకు. నాలుక మీద ఉంచు" అంది.

ఉంచాను. మా ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. అమ్మ చేతులు తొక్క రసంతో వంకాయ రంగుకి తిరిగాయి. ఆ చేతుల్ని ఆవిడ ఒళ్లోంచి దూరంగా, ఎవరివో అన్నట్టు పట్టుకుని కూర్చుంది.

"పులుపు" అన్నాను.

"ఎక్కడ?"

"నాలుక పక్కన. కొంచెమే."

"ఆఁ. తర్వాత?"

"తర్వాత తీపి వస్తోందమ్మా. పలచగా." మింగాను. "పోయింది."

"పోతుంది. నిలవదది" అంది అమ్మ. తనే మింగినట్టు గొంతు కదిలింది. "ఇంకోటి తిను. ఈసారి తీపి దగ్గర ఆగి చెప్పు."

అమ్మ ఒలిచి ఇస్తూనే ఉంది. నేను తిని చెబుతూనే ఉన్నాను. ఉన్నదే చెప్పాను. పుల్లగా ఉంటే పులుపనీ, ఏమీ తెలియకపోతే తెలియలేదనీ. నేను ఎక్కువ చెప్పినా తక్కువ చెప్పినా ఆవిడకి తెలిసిపోతుంది. ఆఖరిది తెరిచాక అందులో తొనలన్నీ నా చేతిలో పెట్టి, "మీ నాన్నకి తెలియదురా ఈ రుచి. అక్కడున్నన్నాళ్లూ మొత్తం నాకే పెట్టేవాడు" అని లేచి, చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్లింది.

నేను మిగిలిన తొనలు ఒక్కొక్కటే తిన్నాను. మధ్యలో ఎక్కడో మొహం తడిసింది. మా ఆవిడ చూసి, లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది. నూతి దగ్గర అమ్మ చేతులు రుద్దుకుంటున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.