ఆఫీసు పటంలోని మొగ

‘సముద్రానికి జడిసి కాలువ దారి పట్టాడు’ అని నా సర్వీసు పుస్తకంలో రాశారు. అది అబద్ధం. ఆ ఒక్క వాక్యంతో లాంచీ మాస్టరుగా నా ప్రమోషన్ ఆగిపోయింది.

1981 జనవరిలో నేను కాకినాడలో ప్రభుత్వ సర్వే లాంచీకి సరంగును. చుక్కానీ, సిబ్బందీ నా బాధ్యత. లాంచీని నరసాపురం చేర్చమన్నారు. దారులు రెండు. సముద్రం మీద దక్షిణంగా పోయి, గోదావరి కడలిలో కలిసే అంతర్వేది మొగలో దూరితే ఒక్క రోజు. కాలువలో ధవళేశ్వరం చేరి, గోదావరి దాటి, విజ్జేశ్వరం దగ్గర మళ్లీ కాలువలోకి దిగితే, లాకు లాకుకీ ఆగుతూ నాలుగు రోజులు. మా ఇంజనీరు గారు పటం పరిచి, మొగ మీద వేలు పెట్టి, “పన్నెండడుగుల లోతయ్యా, ఇంకేం కావాలి? సముద్రం మీదే పో” అన్నారు.

ఆ పటం ఎన్ని వరదల కిందటిదో ఆయన చెప్పలేదు. రేవులో అంతర్వేది నుంచి వచ్చిన పోలయ్య అనే జాలరి కనిపించాడు. వాళ్లకో పద్ధతి ఉంది. పొద్దున్నే ముందు వేటకెళ్లే పడవవాళ్లు లోతు చూసుకుంటూ ఇసుక మేటల అంచున సరుగుడు కర్రలు పాతుతారు. వెనక పడవలు వాటి మధ్యే నడుస్తాయి. నాకది వింతగా తోచి, కర్రలు ఎన్నాళ్లుంటాయని అడిగాను.

“ఎన్నాళ్లేంటండీ, పొద్దున పాతింది సాయంత్రం ఉంటే గొప్ప. మొగ దక్షిణానికి జరిగిపోయిందండి. మేమైతే దిగి పడవని ఈడ్చుకుంటాం. మీ లాంచీని ఎవరీడుస్తారు, మీ ఇంజనీరు గారా?”

నేను చదివింది ఐదో తరగతి. రూల్సు పుస్తకం మాత్రం నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. దారి మార్చే సరంగు కారణం లాగ్ బుక్కులో రాయాలి. రాసి, కాలువ ఎక్కాను.

నరసాపురం చేరిన మర్నాడు చిన్న పడవలో మొగ దాకా వెళ్లాను. పాటు వేళ, సముద్రం నీరు వెనక్కి తీసే సమయం. పటంలో పన్నెండడుగులన్న చోట ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో గుల్లలు ఏరుతున్నారు. అదీ లాగ్ బుక్కులో రాశాను. ఎవరూ చదవలేదు.

కొలిచిన తేదీ లేని లోతును నమ్మకూడదని నేను నేర్చుకున్నాను. సర్వీసు పుస్తకంలో ఆ వాక్యం కొట్టేయమని ఏడేళ్లు అర్జీలు పెట్టగా జవాబొచ్చింది:

“మీరు పేర్కొన్న రోజున మొగ ఎక్కడున్నదీ ఈ కార్యాలయ రికార్డులలో లేదు. కనుక పటంలో చూపిన చోటనే ఉన్నట్లు భావించడమైనది.”